డాబా మీద మిగిలిన ఒక్క టైలు

మా బాపిరాజు సార్ ముచ్చట చెప్పాలంటే నాకు ముందుగాల కోపమే ఒస్తది. మంచోడే, కాదనను. కానీ రెండు గీతలతోని ఐపోయే పనికి ఇరవై గీతలు గీసే మనిషి. మన్సూరాబాద్‌ల మాది మూడంతస్తుల బిల్డింగు. కింద సూర్యప్రభ, నడుమ మేము, పైన సార్, ఆయన భార్య ఉదయలక్ష్మమ్మ. సార్ వాళ్లది భీమవరం దిక్కు. దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక కోచింగ్ సెంటర్‌ల ఇరవై రెండేండ్లు లెక్కలు చెప్పిండు. పోయినేడు పిల్లలు ఫీడ్‌బ్యాక్ ఫారంల 'సార్ షార్ట్‌కట్లు చెప్పరు, బొమ్మలు గీస్తారు' అని రాసిండ్రు. రేపట్నుంచి రావద్దన్నరు. అప్పట్నుంచి ఇంట్లనే కూసొని, పేపర్ అంచుల పొంటి చదరాలు గీస్కుంటుంటడు.

ఎండకాలం ఒచ్చిందంటే మా డాబా మీద యుద్ధమే. నేను కారంపొడి పట్టిచ్చి అమ్ముత, నాకు మిరపకాయలు ఎండాలె. ఉదయలక్ష్మమ్మకు మినప వడియాలు. సూర్యప్రభకు సల్ల మిరపకాయలు. ట్యాంకు, మెట్లు పోను మిగిలిన జాగ సరిగ్గ చదరం, దిక్కుకు పదహారు తెల్ల టైల్స్. ఇంటికి ఐదు వరుసలు పంచుకున్నం. ఒక వరుస మిగిలె. ఆ వరుస కోసం ఆదివారం చర్చి నుంచి ఒచ్చి చీరన్న మార్చకుండ సూర్యప్రభతోని కొట్లాటకు దిగిన. ప్రభువు నన్ను క్షమించాలె.

మా లొల్లి విని సార్ చాక్‌పీసు పట్టుకొని పైకొచ్చిండు.

"ఎలీశమ్మగారూ, వరుసలు వద్దండీ. పావులు చేద్దాం."

"సార్, మేం ముగ్గురం. పావులంటే నాలుగు."

"అదేనండీ మజా!" అని నిలువు ఒక గీత, అడ్డం ఒక గీత గీసిండు. నాలుగు పావులైనయ్. తలా ఒకటి ఇచ్చిండు, అరవై నాలుగు టైల్స్. మిగిలిన నాలుగో పావును మళ్ల నాలుగు చేసిండు. తలా పదహారు. మిగిలింది మళ్ల నాలుగు. తలా నాలుగు. మళ్ల నాలుగు. తలా ఒకటి. మిట్టమధ్యాహ్నం, పెనం లెక్క కాలుతున్న టైల్స్ మీద మోకాళ్లతోని పాకుకుంట గీసిండు. మెట్ల కాడికెల్లి ఉదయలక్ష్మమ్మ "ఏవండీ, మీకేమైనా పిచ్చా" అని తిడుతనే ఉన్నది.

లెక్కవెట్టిన. ముగ్గురికీ ఎనభై ఐదు ఎనభై ఐదే. పిట్టగోడ మూలకు ఒక్కటంటే ఒక్క టైలు మిగిలింది.

"చూశారా! పావు, పావులో పావు, దాంట్లో మళ్ళీ పావు... ఇలా ఎంత దూరం పోయినా ముగ్గురికీ సమానమేగా? అంటే ఆ పావులన్నీ కలిపితే మూడో వంతు! సూత్రం అక్కర్లేదు, కళ్ళతో చూసేశాం!"

"మంచిగనే ఉన్నది సార్. మరి గీ ఒక్క టైలు ఎవరిది?"

"అది... పోను పోను సున్నా అయిపోతుందండీ."

"ఎట్లయితది సార్? నేను దాని మీదనే నిలవడ్డ. నా కాళ్లు కాలుతున్నయ్!"

సార్ నా కాళ్ల దిక్కు చూసిండు. తర్వాత పకపక నవ్విండు. "ఇరవై రెండేళ్ళలో ఒక్కళ్ళు కూడా ఈ మాట అడగలేదమ్మా! రేపు సోమవారం ఇంకో కోచింగ్ సెంటర్లో నాకు డెమో క్లాసుంది. పిల్లల్ని ఇదే అడుగుతాను" అన్నడు.

నిజం చెప్పాలంటే, ఆ మిగిలిన వరుసనే తలా ఐదు టైల్స్ పంచుకున్నా మాకు ఎనభై ఐదే ఒస్తుండె, ఒకటే మిగులుతుండె. నాకు ఈ సంగతి రెండు దినాలకు తట్టింది. సార్‌కు తెల్వదా? తెలిసే ఉంటది. గీతలు గీసే మోకా ఎట్ల ఇడుస్తడు!

డెమో అంటే నౌకరీ ఇచ్చే ముందు ఇరవై నిమిషాలు పాఠం చెప్పాలె, పిల్లలు మార్కులేయాలె. ఆ ఆదివారమే పొద్దుగూకినంక ఉదయలక్ష్మమ్మ మా ఇంటికొచ్చి కండ్లు తుడుచుకుంది. "అరవై మూడేళ్ళ మనిషిని ఇంకెవరు పిలుస్తారండీ? ఇది పోతే మళ్ళీ బోర్డు ముందు నిలబడరు. నిలబడకపోతే ఆయన మళ్ళీ మామూలు మనిషి కాలేరు" అన్నది. ఆ రోజు ప్రార్థనల నా మోకాళ్ల నొప్పి ఇడిసిపెట్టి సార్ డెమో గురించే అడిగిన.

సోమవారం ఇస్త్రీ అంగీ ఏస్కొని, ఎల్‌బీ నగర్ల మెట్రో ఎక్కి పోయిండు. నాలుగు గంటలకు నేను మిరపకాయలు మలుపుతుంటే తిన్నగ డాబా మీదికే ఒచ్చిండు. మొఖం చూస్తేనే తెలిసింది.

"ఏమైంది సార్?"

"ఫోన్ చేస్తామన్నారు."

అంటే చెయ్యరని. గది ఎవ్వరికి తెల్వదు?

"చదరం గీశాను. రెండో పావు గీయకముందే పిల్లలు 'సార్, వన్ బై త్రీ, ఆప్షన్ బి' అన్నారు. మిగిలింది ఎవరిదని అడిగాను. అది సిలబస్‌లో లేదు సార్ అన్నారు. తప్పేం లేదులెండి, వాళ్ళకి ఎగ్జామ్ ఉంది." జేబుల నుంచి చాక్‌పీసు తీసి నా చేతుల పెట్టిండు. "ముగ్గుకి వాడుకోండి."

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లల మీదనో, ఫోన్ చేస్తమన్నోళ్ల మీదనో, గంత తొందరగ ఓడిపోయిన ఈయన మీదనో తెల్వదు. చేతుల కారం కొంగుకు తుడుచుకొని మూలకు పోయిన. ఆ ఒక్క టైలు ముందట కూలవడి, నిలువు ఒక గీత, అడ్డం ఒక గీత గీసిన.

"సార్, గిటు చూడుండ్రి. గిది నాది. గిది సూర్యప్రభది. గిది మీది. గీ ముక్క మిగిలింది. ఇగ నాకొస్తలేదు, చాక్‌పీసు మందమున్నది. ఎట్ల చెయ్యాలె?"

సార్ ఒంగి ఆ ముక్క దిక్కు చూసిండు.

"పెన్సిల్ కావాలి" అని మెట్ల దిక్కు గబగబ నడిచిండు. మళ్ల ఆగి ఎనుకకు తిరిగి, ఏండ్లసంది పెట్టే 'గారు' మరిచిపోయి, క్లాసుల పిల్లకు చెప్పినట్టు అన్నడు: "కదలకు ఎలీశమ్మా. ఆ ముక్క మీద చెయ్యి పెట్టుకుని కూర్చో."

కూసున్న.