అమ్మ ఇచ్చేసిన పీత తోక

మా చిన్నప్పుడు ఉత్తరాదిన వైశాలిలో ఉండేవాళ్లం... మంచం కింద, పాత దిండుగలీబులో చుట్టి, ఒక ఎండిన పీతను దాచుకునేదాన్ని. ఎవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు.

గుర్రపుడెక్క పీత అది. బోర్లించిన మూకుడంత ఒళ్లు. వెనక దబ్బనంలా జానెడు తోక...

శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున మా అమ్మమ్మ వాళ్ల ఊరు. వేసవి సెలవుల్లో తాతయ్య వలలో చచ్చి వచ్చింది. కడిగి, ఉప్పు పట్టించి, చూరు కింద ఆరబెట్టి నాకిచ్చాడు. రైల్లో ఆ కంపుకి పక్కవాళ్లు ముక్కులు మూసుకుంటే, అమ్మ తనకేమీ తెలియనట్టు కిటికీలోంచి చూస్తూ కూచుంది.

బయలుదేరేటప్పుడు తాతయ్య ఒక మాట చెప్పాడు. దీని తోక ముక్క నల్లదారంతో మోకాలికి కడితే నొప్పులు పోతాయట. అమ్మ ఆస్పత్రిలో నర్సు. నవ్వేసింది.

"మరి మాకు మాత్రలెందుకు నాన్నా?"

బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ వచ్చింది. బొమ్మ గీసి చూపిస్తే మేడమ్ ఇది లివింగ్ ఫాసిల్ అంది. డైనోసార్ల కంటే ముందు నుంచీ ఉందట, పెద్దగా మారకుండానే... పేరుకే పీత, సాలీడుకి దగ్గర చుట్టమట. అల కొట్టి వెల్లకిలా పడితే తోక ఊతంతోనే మళ్లీ బోర్లా తిరుగుతుందట. అంతా హిందీలో బట్టీపట్టాను. నా హిందీకి క్లాసులో "మద్రాసీ" అని నవ్వేవాళ్లు. ఆ ఒక్కరోజు వాళ్లంతా నా బల్ల చుట్టూ నిలబడి వినాలి. అదే నా కోరిక.

ఆ రోజు పొద్దున గలీబు విప్పితే తోక లేదు. మొదలంటా తెగ్గొట్టి ఉంది.

అమ్మ డ్యూటీకి జడ వేసుకుంటోంది. అడిగితే తల తిప్పలేదు.

"కింద రూతు ఆంటీకి మోకాళ్లు పట్టేశాయే. ఏడుస్తోంది పాపం."

"నన్ను అడగలేదేం?"

"అడిగితే ఇస్తావా?"

ఇవ్వను. ఆ సంగతి అమ్మకి తెలుసు. అందుకే అడగలేదు...

బల్ల మీద పెట్టాను. "అరే, యే తో టూటా హువా హై", ఇది విరిగిపోయిందే అంటూ ఒకడు పక్క బల్లకి పోయాడు. వాడి వెనకే మిగతావాళ్లు. తోకేదని మేడమ్ అడిగితే బస్సులో విరిగిందన్నాను. మా అమ్మ నర్సని బడిలో అందరికీ తెలుసు మరి, నొప్పులకి పీత తోక ఇచ్చిందని ఎలా చెప్పను?

ఆదివారం ప్రార్థనకి చర్చి మెట్లెక్కుతూ రూతు ఆంటీ చీర కాస్త ఎత్తి పట్టుకుంది. మోకాలి కింద నల్లదారం కొస కనబడింది. లోపల సాక్ష్యం చెప్పడానికి ఆవిడే ముందు లేచింది. ప్రభువు తన మోకాళ్లు ముట్టి నయం చేశాడంది. నా పక్కన కూచున్న అమ్మ అందరికంటే గట్టిగా "ఆమెన్" అంది. నా వైపు చూడలేదు.

ఇప్పుడు అమ్మమ్మ వాళ్ల ఊరి వలల్లో ఆ పీతలు ఎప్పుడో గాని పడటం లేదంటున్నారు. రోజులూ మారాయి... మా అమ్మాయి రంగుపెన్సిల్ పక్కింటి పాపకి ఇవ్వాలన్నా దాన్ని అడిగే ఇస్తాను. మొన్న అలా అడుగుతుంటే, సోఫాలో కూచున్న అమ్మ మామూలుగానే అంది... "చిన్నపిల్లని అడిగేదేంటే?"



మీ వస్తువులు ఏమేం వెళ్లిపోయాయి అలా... మిమ్మల్ని అడగకుండా?