ఎడమ దిక్కు గవ్వ

రెండు వేల ఇరవై నాలుగు జూన్ పదకొండు, మంగళవారం, సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు దుబ్బాకామె మొదటిసారి గవ్వలు తప్పు లెక్కపెట్టింది. మూడు గవ్వలు వెల్లకిలా పడ్డాయి. ఆమె "రెండు" అని చెప్పి తన కాయను రెండు గళ్లే జరిపింది. నా చేతికి గడియారం ఉంది, ఒళ్లో నోటుబుక్కు ఉంది. అందుకే సమయం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

కోమటిచెరువు కట్ట మీద, కానుగ చెట్టు చుట్టూ కట్టిన సిమెంటు గద్దె మా జాగా. ప్రతి మంగళవారం, ప్రతి శనివారం సాయంత్రం ఐదింటికి అక్కడ అష్టాచెమ్మా ఆడేవాళ్లం. నలుగురం: నేను, నా ఆడబిడ్డ, మా గల్లీలోనే ఉండే, ఉర్దూలో అక్క అని అందరం పిలుచుకునే ఆపా, దుబ్బాకామె. దుబ్బాకామె పుట్టినదీ మగ్గం నేర్చినదీ దుబ్బాకలో. మోకాళ్లు అరిగి మగ్గం మానేశాక సిద్దిపేటలో కొడుకు దగ్గరికి వచ్చింది. ఆ ఏడాదే నాకు పరిచయమైంది. అంటే ఇరవై రెండేళ్లు. మేము ఆడే గుడ్డ కూడా ఆమె నేసిన తువ్వాలే. దాని మీద అడ్డం ఐదు, నిలువు ఐదు, ఇరవై ఐదు గళ్లు ఎర్రదారంతో కుట్టింది. ఒక్క గడి కూడా వంకర లేదు. నేను టేపు పెట్టి కొలిచాను.

నేను ముప్పై నాలుగేళ్లు ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. ఊళ్లు తిరిగి పిల్లలకు సూదులు వేయడం, రిజిస్టర్లు నింపడం నా పని. ఉద్యోగం పోయినా రాయడం పోలేదు. ఎవరు గెలిచారు, ఏ రోజు వాన వల్ల ఆట ఆగింది, ఎవరు ఏం తెచ్చారు, అన్నీ రాసేదాన్ని. ఆపా ఫ్లాస్కులో చాయ తెచ్చేది. నా ఆడబిడ్డ శనగ గుడాలు ఉడకబెట్టి తెచ్చేది. దుబ్బాకామె వానకాలంలో మక్క కంకులు కాల్పించుకుని వచ్చేది, నలుగురికి నాలుగు, ఒకటే పొడుగువి. లేకపోతే నేను ఒప్పుకోనని ఆమెకు తెలుసు.

"నర్సమ్మా, నీ బుక్కుల ఎక్కనిది ఈ ఊర్ల ఏమన్న ఉన్నదా?" అని ఆపా అనేది.

"మనం సచ్చే తారీఖులు సుత రాసి పెట్టింది. మనకు చెప్తలేదు గంతే," అనేది దుబ్బాకామె.

"వదినది మొదటిసంది గంతే. మా అన్న పెండ్లినాడు ఎన్ని బూరెలు తిన్నడో ఇప్పటికీ చెప్తది," అని ఆడబిడ్డ అందుకునేది.

"పదకొండు," అన్నాను నేను ఒకసారి. అది నిజం. వాళ్లు ఎందుకంతగా నవ్వారో నాకు అర్థం కాలేదు.

ఆట తెలియనివాళ్లు ఉండరు గానీ, ఒక్క మాట చెప్పాలి. నాలుగు గవ్వలు విసిరితే ఎన్ని వెల్లకిలా పడితే అంత లెక్క. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు గళ్లు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది గళ్లు. కాయ తిరిగి తిరిగి నడిమి గడికి చేరితే పండింది అంటాం.

జూన్ పదకొండున ఆమె చెప్పిన తప్పు లెక్కను నేను దిద్దలేదు. తక్కువ చెప్పుకుంటే నష్టం ఆమెకే. నేను ఆమెతో పోటీలో ఉన్నాను. అయితే రాసుకున్నాను. శనివారం మళ్లీ అదే జరిగింది. మళ్లీ రాశాను. జూలై మొదటి వారంలో ఆమె "అష్టా" అని ఎనిమిది గళ్లు నడిచింది. నేను చూసేసరికి ఒక గవ్వ వెల్లకిలా ఉంది. అష్టా కాదు, ఒకటే. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

ఆమె నాకు ఎదురుగా కూర్చునేది. ఆమె ఎడమ నాకు కుడి. తప్పు లెక్క వచ్చిన ప్రతిసారీ ఒక గవ్వ ఆమె ఎడమ వైపుకు దొర్లి ఉండేది. ఆమె కొంగు జారి పడేది కూడా ఎడమ వైపే. కొంగు కింద గవ్వను తిప్పుతోందని నేను అనుకున్నాను. అందుకని ప్రతి తప్పు పక్కన "ఎడమ" అని రాసి, దాని పక్కన "తొం" అని పెట్టాను. తొండి అని పూర్తిగా రాయడానికి చెయ్యి రాలేదు. అంతవరకు మర్యాద పాటించాను.

ఆ రోజుల్లో ఇంకో రెండు సంగతులు జరిగాయి. తువ్వాల అంచు కుట్టు ఊడిపోతే కుట్టుకుని రమ్మని ఇచ్చాను. మూడు వారాలు ఆట అయ్యాక ఇంటికి తీసుకుపోయి, ప్రతిసారీ అట్లాగే తిరిగి తెచ్చింది. "సూది దొరకలే," అంది. మగ్గం నేసిన మనిషి ఇంట్లో సూది దొరకకపోవడమేమిటని బద్ధకం కింద జమ కట్టాను. ఇంకోసారి చాయ అందుకోబోయి ఆపా చేతిలోని గ్లాసును తట్టి పడేసింది. "అరె, గ్లాసు కనవడ్తలేదా, కండ్లు యాడ వెట్టుకున్నవు?" అని ఆపా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ మాటను నేను బుక్కులో రాయలేదు. ఆటకు సంబంధించింది కాదు కదా.

సెప్టెంబర్ ఇరవై నాలుగు, మంగళవారం. నావి మూడు కాయలు పండాయి, ఆమెవీ మూడు పండాయి. ఆమె విసిరింది. "అష్టా," అని కాయ మీద చెయ్యి వేసింది.

"ఆగు," అన్నాను. "నీ ఎడమ దిక్కు సూడు."

ఆమె మెడ పూర్తిగా తిప్పి చూసింది. తువ్వాల అంచున గవ్వ వెల్లకిలా ఉంది. "ఓ, గీడొకటి పడ్డదా," అంది.

ఆ మాట నాకు నటనలాగా వినిపించింది. నోటుబుక్కు తీశాను. "గిది మూడో అష్టా. జూలైల ఒకటి, ఆగస్టుల ఒకటి, ఇయ్యాల ఒకటి. గవ్వ ప్రతిసారి నీ కొంగు కిందికే ఎందుకు పోతున్నదో చెప్పు."

"ఏమంటున్నవే నర్సమ్మా?"

"తొండి అంటున్న."

కట్ట మీద నడిచేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. ఆపా "ఛోడో నర్సమ్మా, ఆటే గదా," అంది. నా ఆడబిడ్డ నేల చూసింది.

దుబ్బాకామె గొంతు పెంచలేదు. "నలభై ఏండ్లు మగ్గం మీద పోగులు లెక్కవెట్టిన. ఒక్క పోగు తప్పితే చీరె మొత్తం ఇప్పి మల్ల నేసిన. నాకు నాలుగు గవ్వలు లెక్కవెట్టరాదా?"

"రాకపోవుడు కాదు. ఎక్కువనే వచ్చు. గదే చెప్తున్న."

ఆమె తన కాయలు, నాలుగు చింతగింజలు, ఏరుకుని కొంగుకు ముడి వేసుకుంది. తువ్వాల వదిలేసింది. లేచి వెళ్తూ గద్దె మూలకు ఎడమ మోకాలు గట్టిగా కొట్టుకుంది. "కోపంల చూస్కోలే," అంది ఆపా. నేనూ అదే అనుకున్నాను.

ఆ తరువాత డెబ్బై రోజులు మేము మాట్లాడుకోలేదు. ముగ్గురం రెండు సార్లు ఆడి మానుకున్నాం. సద్దుల బతుకమ్మ నాడు ఆమెను దూరం నుంచి చూశాను. వాళ్ల గల్లీ ఆడవాళ్ల వరుసలో తిరుగుతోంది. ఎడమ పక్కన ఉన్నామెను మాటిమాటికి ఢీకొంటోంది. ఆమె ఏదో అంటే అందరూ నవ్వుతున్నారు. వయసు మీద పడ్డది, అనుకున్నాను. కొంచెం సంతోషించాను కూడా. ఆ సంగతి దాచి రాయడంలో అర్థం లేదు.

డిసెంబర్ మూడు, మంగళవారం సాయంత్రం ఆమె పాల ప్యాకెట్ కోసం రోడ్డు దాటుతుంటే స్కూటర్ తగిలింది. మణికట్టు విరిగింది. మర్నాడు పొద్దున ఆపా వచ్చి చెప్పింది. పోదామా వద్దా అని ఆలోచించాను. చివరికి నాలుగు బత్తాయిలు కొనుక్కుని పోయాను. ఆమె పడుకుని ఉంది. కోడలు తలుపు దగ్గరే చెప్పింది:

"పాపం ఆ పిల్లగాని తప్పేం లేదు నర్సమ్మా. మెల్లగనే వచ్చిండు, హారన్ సుత కొట్టిండు. అత్తమ్మ సూడనే లేదు. ఎడమ దిక్కు నుంచి వచ్చిండట."

ఆ ఎడమ అనే మాట విన్నాక నేను లోపలికి పోలేదు. బత్తాయిలు కోడలి చేతిలో పెట్టి ఇంటికి వచ్చాను. బుక్కు తెరిచాను. జూన్ పదకొండు నుంచి సెప్టెంబర్ ఇరవై నాలుగు దాకా పద్నాలుగు తప్పు లెక్కలు. పద్నాలుగూ ఎడమ దిక్కువే. నేను ఎన్నడూ చేయని కూడిక అప్పుడు చేశాను. పద్నాలుగింటిలో అష్టా మూడు. మిగిలిన పదకొండు సార్లు ఆమె తక్కువ చెప్పుకుంది. తనకే నష్టం వచ్చేటట్టు పదకొండు సార్లు తొండి ఆడే మనిషి లోకంలో ఉండదు. లెక్క మొత్తం నా చేతి రాతలోనే ఉంది. కింద గీత గీసి కూడలేదు, అంతే.

మళ్లీ పోయాను. ఆమె నన్ను చూసి గోడ వైపు తిరిగింది. "మల్ల బుక్కు తెచ్చినవా?" అంది.

"లేసి కూసో. కుడి కన్ను మూస్కో. నా ముక్కు చూడు. నా వేలు కనవడంగనే చెప్పు."

"తొండిదానితోని నీకేం పని?"

"చెప్పింది చెయ్యి."

కంటి శిబిరాల్లో ఈ పరీక్ష ఎన్నిసార్లు చేశానో. నా రిజిస్టర్ల ప్రకారం నేను శిబిరాలకు పంపినవాళ్లు రెండు వందల పదకొండు మంది. వేలు ఆడిస్తూ ఆమె చెవి పక్క నుంచి నెమ్మదిగా ముందుకు తెచ్చాను. చెంప దాటింది. కంటి కొస దాటింది. ముక్కు ముందుకు వచ్చింది. నా వేలు ఆమె ముక్కుకు ఎదురుగా ఆగింది. ఆమె ఇంకా నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది.

"అంతా మసకనే ఉన్నది. వేలు ఏదే? ఇంకా లేపలేదా?" అంది.

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

డిసెంబర్ ఆరున పట్నంలో కంటి డాక్టరుకు చూపించాం. నీటికాసులు అన్నాడు. కంటి లోపల ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి మొదలై లోపలికి తరుగుతుంది. నొప్పి ఉండదు. మనిషికే తెలియదు. ఎడమ కన్ను అయిపోయింది, కుడి కన్ను గొట్టంలో నుంచి చూసినట్టు ఉందన్నాడు. ఉన్నదాన్ని నిలపడానికి చుక్కల మందు రాశాడు. పోయినది రాదు.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడిగాడు.

కొడుకు కోడలి వైపు, కోడలు కొడుకు వైపు చూశారు. నేను నోటుబుక్కు తీసి పద్నాలుగు తేదీలు చదివాను. డాక్టరు రాసుకుంటూ, "ఇంత బాగా గమనించినవాళ్లు జూన్‌లోనే తీసుకొచ్చి ఉంటే కుడి కన్ను చాలావరకు నిలిచేదమ్మా," అన్నాడు. ఆయన మందలించలేదు. మామూలుగానే అన్నాడు.

బయట కుర్చీల్లో ఆమె నా వైపు తల తిప్పకుండానే మాట్లాడింది. "పక్కకు చీకటిగుండె. ముసలోళ్లకందరికి గట్లనే ఉంటదనుకున్న. సూదిల దారం పెట్టరాకపోతే సిగ్గై చెప్పలే." తరువాత అడిగింది. "గన్ని సార్లు తొండి అని రాసినవా?"

"పద్నాలుగు."

"మంచిగ రాసినవు," అంది.

తరువాత ఇంట్లోవాళ్లు ఆమెను ఒంటరిగా గడప దాటనీయలేదు. రెండు వేల ఇరవై ఐదు ఫిబ్రవరి పద్దెనిమిది, మంగళవారం, కోడలిని అడిగి నేనే చెయ్యి పట్టుకుని కట్టకు తీసుకుపోయాను. ఆపా, ఆడబిడ్డ ముందే వచ్చి తువ్వాల పరిచారు. ఊడిన అంచు ఆడబిడ్డ కుట్టింది, వంకరగా. ఆమె చేత్తో గళ్లు తడిమి ఆ వంకర దగ్గర ఆగింది. కొంగు ముడి విప్పి చింతగింజలు తీసింది.

ఆట బాగానే సాగింది. ఆమె విసిరేది, నేను లెక్క చెప్పేదాన్ని, ఆపా కాయ జరిపేది. "ఇగ నర్సమ్మ తొండి ఆడినా నాకు తెల్వదు," అని ఆమె అంటే అందరం నవ్వాం. ఆరు గంటలకు ఆమెవి మూడు కాయలు పండాయి. నాలుగోది పండాలంటే ఎనిమిది కావాలి. ఆమె విసిరింది. మూడు బోర్లా పడ్డాయి. ఒకటి ఎడమ దిక్కుకు దొర్లి వెల్లకిలా పడింది.

"అష్టా," అన్నాను నేను. "పండినయి. నువ్వే గెలిచినవు."

ఆపా నా ముఖం చూసింది. దుబ్బాకామె ఆపా ఊపిరి విన్నదో, నా గొంతులో ఏం విన్నదో, ఎడమ చెయ్యి చాపి తువ్వాల మీద నెమ్మదిగా తడిమింది. అంచున గవ్వ దొరికింది. బొటనవేలితో దాని నోరు రాసి చూసింది.

"ఒకటే గదనే."

గవ్వ కోసం చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు.

"ఇరవై రెండేండ్లల్ల నువ్వు ఎన్నడు తప్పు చెప్పలే. నన్ను తొండి అన్నప్పుడు సుత, పడ్డ లెక్కే చెప్పినవు. నీ లెక్క నమ్మి వచ్చిన ఇయ్యాల." గవ్వను తువ్వాల మధ్యలో పెట్టింది. "ఇగ ఏ లెక్క నిజమో నాకెట్ల తెలుస్తది? ఇంటికి తోల్కపో."

తోలుకుపోయాను. తరువాత మూడు సార్లు పిలిచాను, రాలేదు. పోతే మంచిగానే మాట్లాడుతుంది, చాయ ఇప్పిస్తుంది. ఆట సంగతి ఎత్తదు.

పోయినవి ఇవి. ఎడమ కన్ను, మొత్తం. కుడి కన్ను, డాక్టరు లెక్కలో నాలుగింట మూడు వంతులు. నేను చూస్తూ ఉండగా నూట ఐదు రోజులు. నేను చూడకుండా డెబ్బై రోజులు. వారానికి రెండు సాయంత్రాలు, నలుగురివి. నా లెక్క మీద ఒకరికి ఉన్న నమ్మకం.

గవ్వలు నాలుగూ ఉన్నాయి.