పెన్సిలుతో రాసిన బరువు

మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ సారు పోయారని నవీపేట్ నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాను. తెర మీద ఒక మిల్లు భాగం బొమ్మ, కింద కుడి మూల గడిలో దాని బరువు. ఆ అంకె తనంతట తానే పడుతుంది. ఆ గడిని చూస్తే ఏడేళ్లుగా నాకు రోత. గడి మీద కాదు, నా మీద. సారు గురించి నాలుగు మంచిమాటలు రాయమని మిత్రులు అడిగారు. ఆయన మంచితనం చెప్పాలంటే నా నీచత్వం చెప్పక తప్పదు. చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

ఎడపల్లి దాటి బోధన్ పోయే తోవలో ఉండేది మా వర్క్‌షాపు. చెరుకు మిల్లులకు కావలసిన ఇనుప సామాను పోతపోసి, చెక్కి పంపేవాళ్లం. ఎనభైల నుంచీ అక్కడ నక్షాలన్నీ సారే గీసేవారు. గీయడం అయ్యాక పెన్సిలు సన్నగా చెక్కుకుని, ఆ భాగాన్ని మనసులోనే ముక్కలు చేసేవారు. ఇది పలక, ఇది గుండ్రని కడ్డీ, ఇది బొక్క. ముక్కముక్కకూ బరువు కట్టి, కూడి, బొక్కల బరువు తీసేసి, కాగితం మూలన రాసేవారు. ఎట్లాగూ తర్వాత తూస్తారు కదా, ఎందుకింత తిప్పలని చేరిన కొత్తలో అడిగాను.

"తూసెటందుకు ముందుగాల లేపాలె గద బిడ్డా. బరువు రాసేది ఆఫీసోళ్ల కోసం గాదు, గొలుసు కాడ నిలబడేటోని కోసం" అన్నారు.

చెరుకు బండ్లు తూచే కాటా ఒకటి మా గేటుకు దగ్గర్లోనే ఉండేది. కొత్త పోత వస్తే దాన్ని ట్రాక్టరులో వేయించి, రైతుల వరసలోనే నిలబెట్టేవారు సారు. "నీ సెరుకు గింత గట్టిగున్నదేంది సారూ, నీళ్లు వెట్టలేదా?" అని రైతులు నవ్వేవాళ్లు. "ఎండకు బిగుసుకున్నదన్నా" అని ఆయనా నవ్వేవారు. కాటా అంకెకూ తన అంకెకూ ఇరవై కిలోలు తేడా వచ్చినా మాత్రం నవ్వు పోయేది. తప్పెక్కడో దొరికేదాకా టిఫిను డబ్బా మూత తీసేవారు కాదు. "లెక్క తప్పితే రబ్బరున్నది. ఇనుము తప్పితే ఏమున్నది?" అనేవారు.

తర్వాత కంప్యూటరు వచ్చింది. నేను హైదరాబాదులో మూడు నెలలు నేర్చుకుని వచ్చాను, కళ్లు నెత్తికెక్కాయి. భాగం గీసి, అది ఏ లోహమో చెబితే చాలు, బరువు తానే లెక్కకట్టి మూల గడిలో వేస్తుంది. కొలత మారిస్తే బరువూ మారుతుంది. మాటిమాటికీ టైపు చేయడం ఎందుకని 'సరిచూసినవారు' అన్న గడిలో సారు పేరు కూడా దానంతటదే పడేట్టు పెట్టాను. సారు వచ్చి చూసి నిజంగానే సంతోషపడ్డారు. "మరి లోహం చెప్పకపోతే ఏం జేస్తది?" అని ఒక్కటే అడిగారు.

"గదే సూస్కుంటది సార్" అన్నాను. నాకేం తెలుసు? అది ఏమీ చూసుకోదు, అడగదు. చెప్పకపోతే ఇనుమును కూడా నీళ్లకింద జమకట్టి తూచేస్తుంది.

ఒక ఏడాది చెరుకు సీజను మొదలయ్యే ముందు బేరింగు పెట్టె గీశాను. మిల్లు రోలరు ఇరుసును మోసే పోత ఇనుప పెట్టె అది. గడిలో రెండు వందల కిలోలు పడింది. మర్నాడు సారు ఆ కాగితం తిప్పి పంపారు. 200 కొట్టేసి, పెన్సిలుతో 1440 అని రాసి, పక్కన చిన్నగా 'లోహం చెప్పలేదు' అని కూడా రాశారు. నాకు ఒళ్లు మండింది. కంప్యూటరు కాగితాల మీద పెన్సిలు గీతలు కనబడితే కొనేవాళ్లు నవ్వుతారని మేనేజరు అంతకుముందే అని ఉన్నాడు. నాకు ఆ సాకు చాలు. సారు దిద్దిన కాగితాన్ని సొరుగులో పడేసి, అదే నక్షాను మళ్లీ శుభ్రంగా అచ్చు తీసి షాపులోకి పంపాను. దాని మీద రెండు వందల కిలోలే ఉంది. సరిచూసినవారి గడిలో సారు పేరూ ఉంది.

పెట్టెను లేపే రోజు ఖలాసీ అన్న దాన్ని చూసి ఆగాడట. గొలుసులు కట్టి బరువులు లేపడం అతని పని. "ఇది రెండు కింటాళ్లేనా?" అన్నాడట. సూపర్‌వైజరు కాగితం చూపించాడు. "సారు సూసిండా?" అని అడిగాడట. చూశాడు, ఇదిగో పేరు అన్నారు. "సారు సూసిండంటే ఇగ సాలు" అని అర టన్ను మోసే గొలుసు తగిలించాడు. పెట్టె మనిషి ఎత్తు లేచాక గొలుసు కొక్కెం విరిగింది. అతని ఎడమ పాదం పోయింది.

మేనేజరు గదిలో విచారణ. సారు నా వైపు తిరిగి, "నేను దిద్ది పంపిన కాయితం నీ తాన ఉండాలె బిడ్డా" అన్నారు. అప్పటికి అది నా చొక్కా జేబులో ఉంది, మడతలు పెట్టి.

"నాకు తెల్వది సార్" అన్నాను.

ఆయన మేనేజరు వైపు తిరిగి, "పేరు నాదే ఉన్నది. ఇంకేం మాట్లాడుదం" అన్నారు. సాయంత్రం స్కేళ్ల పెట్టె చంకన పెట్టుకుని గేటు దాటారు. నెల తిరగకుండా ఆయన కుర్చీ నాకిచ్చారు. నేను పేడాలు పంచాను. ఛీ, ఆ తీపి ఎలా మింగానో!

మూడేళ్ల తర్వాత నిజామాబాద్ గంజ్ మార్కెట్లో ఎదురుపడ్డారు. పసుపు సంచిని చేత్తో లేపి అంచనా కడుతున్నారు. తప్పించుకుపోదామనుకున్నాను, ఆయనే పిలిచారు. "ఇప్పుడు లోహం చెప్తున్నవా?" అన్నారు. "చెప్తున్న సార్" అన్నాను. "గంతే. గది మర్వకు" అని భుజం తట్టి పోయారు. ఆ భుజాన్ని ఆ రాత్రి తోముకున్నా శుభ్రం కాలేదు.

పదకొండో దినానికి నవీపేట్ పోయాను. కాగితం సంచిలో ఉంది కానీ తీసే ధైర్యం లేదు. భోజనాల ముందు మేనేజరు లేచి, "పాతకాలం మనిషి, పాపం. కంప్యూటర్ సమజ్ కాలే. ఒక్క గలతీ అయింది గానీ మంచోడు" అన్నాడు. విస్తర్ల ముందు తలలు ఊగాయి. నా తల కూడా ఊగింది. అది తెలిసేసరికి విస్తరి పక్కకు జరిపాను. లేచి నిలబడ్డాను.

"గలతీ సారుది గాదు, నాది" అని కాగితం విప్పాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. మేనేజరు కూర్చుని విస్తరి మీద నీళ్లు చల్లుకున్నాడు. సారు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊతకట్టె పొడుచుకుంటూ ఖలాసీ అన్న దగ్గరికొచ్చాడు. "నాకు సదువు రాదు. ఏమున్నది దాంట్ల?"

"పద్నాలుగు వందల నలభై కిలోలని ఉన్నది."

"సారే రాసిండా?"

"సారే. లేపకముందే."

అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "యాడాదికోసారి, దసరకు జమ్మి ఆకు తీస్కొని మా ఇంటికొచ్చేటోడు. నేను తలుపు తియ్యకపోతుంటి. గడప మీద వెట్టి పోయేటోడు. ఏడేండ్లు తిట్టిన ఆయనను. సచ్చినోని మీద కోపమేందని ఇయ్యాల వచ్చిన" అన్నాడు. నా మొహం చూడలేదు.

కాగితం అతని చేతికిచ్చాను. ఏడు వానాకాలాలు నా ట్రంకు పెట్టెలో దాగిన కాగితం. చెమ్మకు ప్రింటరు సిరా పాకి, నా గీతలు, నా రెండు వందలు, నేను పెట్టిన ఆయన పేరు, అన్నీ నీలం మరకలైపోయాయి. ఖలాసీ అన్న దాన్ని మోకాలి మీద పరుచుకుని, ఎటు నుంచి చదవాలో తెలియకపోయినా, ఆ పెన్సిలు అంకె మీద బొటనవేలితో నిమురుతూ కూర్చున్నాడు. అంకె ఒక్క పిసరు కూడా చెరగలేదు.