మక్బూల్ చెప్పిన గంట

నరసరావుపేటలో లారీ మెకానిక్ మక్బూల్ దగ్గర బండి వదిలిన ప్రతివాడికీ ఒకటే జవాబు: "గంటలో అయిపోద్ది." ఆ గంట ఏనాడూ గంటలో తెమల్లేదు. సాయంత్రానికి బండి కదిలితే మహాభాగ్యం. పోనీ ఆలస్యమైందని ఒక్క ముక్క అంటాడా, ఆ మాటే అతని నోట రాదు. పనిమంతుడు కాబట్టి జనం తిట్టుకుంటూనే టీ తాగుతూ కూర్చుంటారు.

ఆ రోజు తెల్లారుతూనే విశాఖ నుంచి మేనల్లుడు రియాజ్ ఫోన్ చేసి, తల్లి పోయిందని ఏడ్చాడు. తల్లి లేని మక్బూల్‌ను చంకనేసుకుని పెంచిన అక్క ఆమె. ఆపా అని పిలిచేవాడు. ఫోన్ పెట్టేసి కూతుర్ని కేకేశాడు.

కూతురు ఆస్మా ఫోన్‌లో వెతికింది. "రోడ్డు మీద పోతే చీకటి పడిద్ది అబ్బాజాన్. గన్నవరం నుంచి ఫ్లైట్ ఉంది. విశాఖకి గంటే."

వెంటనే మక్బూల్ రియాజ్‌కు ఫోన్ కొట్టాడు. "ఫ్లైట్‌కి వస్తన్నానురా. గంటలో ఉంటా. నేను మొహం చూసిందాకా మట్టి ఇయ్యమాకండి."

గన్నవరం దాకా కార్లో ఏడుస్తూనే ఉన్నాడు. విమానంలో బెల్టు బిగించి, ఫోన్లు ఆపమన్నప్పుడు టైం చూశాడు. తను చెప్పిన గంట ఎప్పుడో దాటిపోయింది, విమానమింకా నేల మీదే ఉంది. రియాజ్‌కు చేస్తే ఎత్తలేదు. ఈలోగా విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి దగ్గరుండి ఫోన్ ఆపించింది.

విమానం లేచిన కాసేపటికి ఇంజన్ మోత సగానికి సగం తగ్గింది. జీవితమంతా చెవితోనే బండి రోగం కనిపెట్టినవాడికి అది తెలియకుండా పోదు. పక్క సీట్లోని ముసలామె మహాలక్ష్మమ్మ చెయ్యి పట్టేసుకున్నాడు.

"అమ్మా, ఇంజన్ పడిపోయింది. ఇనపడతందా?"

"ఎప్పుడూ అంతేనయ్యా. పైకెక్కినాక తగ్గిస్తారంట. మా కోడలు చెప్పింది."

కోడలికేం తెలుసు అనుకున్నాడు మక్బూల్. కళ్లు మూసుకుని, ప్రాణం మీదికొస్తే అనుకునే కలిమా చదివాడు. విమానం మబ్బుల్లో కుదుపుకి ఊగినప్పుడల్లా చదివింది మర్చిపోయి మళ్లీ మొదలెట్టాడు. పడిపోయి చస్తానన్న భయం ఉంది. ఆపా మొహం చూడకుండానే చస్తానన్న భయం దాన్ని మించిపోయింది. దిగిందాకా ఆ ముసలామె చెయ్యి వదల్లేదు, ఆమె కూడా లాక్కోలేదు.

దిగాక ఫోన్ చేతిలోనే ఉన్నా చేసే ధైర్యం లేకపోయింది. అయిపోయిందంటారేమో. ఆటో గాజువాక సందులోకి తిరిగేసరికి షామియానా కింద కుర్చీలన్నీ ఖాళీ. ఒక్క మగమనిషి లేడు. తీసుకెళ్లిపోయారు! మక్బూల్ ఆటో దిగి అక్కడే నిలబడిపోయాడు.

ఇంతలో టోపీతో రియాజ్ సందు చివర కనిపించాడు. "మామూ, లోపలికి పద. అందరం మధ్యాహ్నం నమాజుకి పోయాం. అమ్మ ఇంట్లోనే ఉంది."

"గంటలో వస్తానంటిగా. రాకపోయినా ఎందుకు ఆగార్రా?"

"అమ్మ ఎప్పుడూ అనేదిగా మామూ, మా తమ్ముడు గంటన్నాడంటే సాయంత్రమని లెక్కేసుకోండి అని. అందుకే మట్టి సాయంత్రం అసర్ నమాజు తర్వాతని అందరికీ చెప్పా."

లోపల తెల్లగుడ్డ మధ్య ఆపా మొహం తెరిచే ఉంది. మక్బూల్ మంచం పట్టె పట్టుకుని కూలబడ్డాడు.

"ఆలస్యమైంది ఆపా," అన్నాడు.