ఇద్దరు చాలన్న మాట

నా చిన్నప్పుడు మా అమ్మ బోధన్ చుట్టుపక్కల ఊళ్లకు సర్కారు నర్సు. తెల్లచీర కట్టుకుని, భుజానికి సంచి తగిలించుకుని కాలువ గట్ల వెంట నడిచి పోయేది. కాన్పులు చేసేది, టీకాలు వేసేది. కానీ ఆ ఏళ్లలో పైవాళ్లు ఆమెను అడిగేది ఒక్కటే: ఈ నెల ఎంతమందిని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు తెచ్చావు? జనం పెరిగిపోతే దేశానికి తిండి చాలదని ఊరూరా గోడల మీద రాయించేవారు. చెప్పినంతమందిని తేలేని నర్సులను మీటింగులో నిలబెట్టి అందరి ముందూ తిట్టేవారు. అలాంటి మీటింగు నుంచి వచ్చిన రోజు అమ్మ కంచం ముందు ఊరికే కూర్చుండిపోయేది.

నేను ఐదో తరగతిలో ఉండగా ఒక సెలవు రోజు నన్ను కూడా వెంట తీసుకుపోయింది. మోస్రా తోవలో చెరుకు తోటల మధ్య ఒక చిన్న ఊరు. అక్కడ, నేను చిన్నమ్మ అని పిలిచిన ఒకామెకు ఇద్దరు పిల్లలు, ఏడేళ్ల ఆడపిల్ల, నాలుగేళ్ల మగపిల్లవాడు. అమ్మ నన్ను ఆమె ముందు నిలబెట్టి వాచకం చదవమంది. నేను గడగడా చదివాను. ఆ చిన్నమ్మ నోరు తెరుచుకుని విని, నవ్వింది.

"నా పోరడు గిట్ల సదువుతడా నర్సమ్మా?"

"ఎందుకు చదవడు? నాకు గూడ ఇద్దరే. నేను చేయించుకోలేదా? ఇద్దరు చాలు. నా మాట నమ్ము" అంది అమ్మ.

ఆమె నమ్మింది. వేలిముద్ర వేసింది. తర్వాతి వారమే జీపు వచ్చి ఆమెను టౌన్ బడిలో వేసిన ఆపరేషన్ల క్యాంపుకు తీసుకుపోయింది. నా చదువు వల్లే ఆమె ఒప్పుకుందని నాకు గర్వంగా కూడా ఉండింది.

మరుసటి వానకాలం ఆ పిల్లవాడికి మెదడువాపు జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో పోయాడు.

ఆ కబురు పాలు పోసే ఆయన తెచ్చాడు. కొన్నాళ్లు ఆ ఊరి వైపు పోవద్దని, ఇంకో నర్సును పంపుతామని ఆఫీసులో అమ్మకు చెప్పారు. షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసే మా బాపు కూడా అదే మాట అన్నాడు. "ఇప్పుడు పోతె కొడ్తరు. నువ్వేం తప్పు చేసినవ్? సర్కారు చెప్పమన్నది, చెప్పినవ్."

 ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోగానే, అమ్మ నా చెయ్యి పట్టుకుని అటే నడిచింది. నాకు భయమేసి, నేనెందుకని అడిగాను.

"నాడు నిన్ను చూపించి చెప్పిన. ఇయ్యాల నిన్ను ఇంట్ల దాచిపెట్టి ఎట్ల పోత?"

చిన్నమ్మ ఇంటి అరుగు మీద ఆమె ముసలి అత్త కూర్చుని ఉంది. తెల్లచీరను చూడగానే లేచింది. "ఎందుకొచ్చినవే? ఇంకేమున్నదని కోస్తవ్?" అని ఊరంతా వినబడేలా అరిచింది. ఆ అరుపుకు చిన్నమ్మ బయటికి వచ్చింది. చిక్కిపోయింది. అమ్మను కాదు, నన్ను చూసింది. చాలాసేపు చూసింది. నేను అమ్మ వెనక్కి జరిగాను.

"ఇద్దరు సాలంటివి గదా నర్సమ్మా" అంది. "ఇప్పుడు ఒక్కతే ఉన్నది. ఒక్కతి సాల్తదా?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

అమ్మ ఏదో ఒకటి చెబుతుందనుకున్నాను. సర్కారు మాట చెబుతుందని, లేదా దేవుడి మాట చెబుతుందని. చర్చిలో ఏడ్చేవాళ్లను ఓదార్చడానికి అందరూ అమ్మనే పిలిచేవారు. అలాంటి అమ్మ ఆ వాకిట్లో తడి నేల మీద కూలబడింది.

"నేనే చెప్పిన, చెల్లె. నమ్మమన్నది గూడ నేనే."

అమ్మకు ఏడుపు ఆగలేదు. చిన్నమ్మ కూడా ఎదురుగా కూర్చుని ఏడ్చింది. వాళ్లిద్దరూ అలా ఎంతసేపు ఉన్నారో నాకు తెలియదు. అత్త అరవడం మానేసి లోపలికి పోయింది. చివరికి చిన్నమ్మే కొంగుతో కళ్లు తుడుచుకుని, కూతురిని పిలిచి, "గంత దూరం నడిసొచ్చింది పిల్ల. నీళ్లియ్యి" అంది. ఆ పిల్ల తెచ్చిన చెంబు అందుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, సర్కారు చెప్పమంటేనే కదా నువ్వు చెప్పావని.

"సర్కారు ఆమె గడప తొక్కలేదు బిడ్డా. నేను తొక్కిన."

తర్వాత అమ్మ ఎవరెవరినో బతిమాలి ఆమెను హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. కోసిన నాళాలను మళ్లీ అతికించే ఆపరేషన్ చేశారు. అయినా ఆమెకు కడుపు పండలేదు. అమ్మ మాత్రం నౌకరీ ఉన్నన్నాళ్లూ ఆ ఇంటికి పోతూనే ఉంది. చిన్నమ్మ ఎప్పుడూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నా చదువు విని నవ్విన నవ్వు మాత్రం మళ్లీ ఆ ముఖంలో చూడలేదు. ఆ తర్వాత అమ్మ ఏ ఇంటికి పోయినా, రేపు ఏమన్నా అయితే మళ్లీ అతికించడం కష్టమని కూడా చెప్పేది. అది విని చాలామంది వెనక్కి తగ్గేవారు. మీటింగుల్లో అమ్మ నిలబడి తిట్లు తినేది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. నేను నిజామాబాదులో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నేను పాఠాలు చెప్పిన బడిని పిల్లలు లేరని పక్క బడిలో కలిపేశారు. ఇప్పుడు టీవీలో పెద్ద పెద్ద నాయకులు, పిల్లలు తగ్గిపోతున్నారు, ఇంకా కనండి అంటున్నారు. అదే ధీమా, మాటే తిరగబడింది.

మొన్న పక్కింటావిడ వచ్చి, "మా కోడలు ఒక్కదానితోనే బంద్ చేస్తనంటున్నది. మీరు చెప్తె ఇంటది టీచరమ్మా" అని బతిమాలింది. సరేనని పోయాను. ఆ అమ్మాయి కూతురికి జడ వేస్తోంది. ఆ పిల్ల కాన్పులో ఆమె ఎంత కష్టపడిందో నాకు తెలుసు. ఒక్కతి చాలదు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. రేపు ఆమెకు ఏమన్నా అయితే, ఆ గుమ్మం ముందుకు వచ్చి, నేనే చెప్పిన అనగలనా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను.

అనగలనన్న ధైర్యం రాలేదు. ఎట్లున్నవ్ బిడ్డా అని పలకరించి, ఆమె ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.