ఆయన రిటైర్ కాలేదు

అమెరికాలో బెంటన్‌విల్ దగ్గర మా ఊరి రేడియోలో నలభై ఏళ్ళకు పైగా బేస్‌బాల్ కామెంటరీ చెప్పిన పెద్దాయన పక్కన నేను నాలుగు సీజన్లు కూర్చున్నాను. డిపెండెంట్ వీసా మీద ఉన్నదాన్ని, ఉద్యోగం చేయకూడదు. మా అబ్బాయి స్కూల్లో బేస్‌బాల్ స్కోరు రాయడానికి వాలంటీర్లు కావాలంటే వెళ్ళాను. చిన్నప్పుడు నాన్నతో కలిసి రేడియోలో క్రికెట్ వింటూ స్కోరు రాసిన అలవాటు వల్ల ఈ ఆట లెక్క కూడా తొందరగానే పట్టుబడింది.

ఆయన పశువుల దాణా కొట్లో పనిచేస్తూ ఇరవయ్యేళ్ళప్పుడు మైకు పట్టుకున్నారట. పెద్ద స్టేషన్లు పిలిచినా వెళ్ళలేదు. తండ్రుల ఆటకూ ఆయనే, తర్వాత కొడుకుల ఆటకూ ఆయనే. ఆటకు ముందు కామెంటరీ గది మెట్లు దిగి మైదానంలోకి వెళ్ళి, ప్రతి పిల్లాణ్ణీ పేరెలా పలకాలో అడిగేవారు. మన పిల్లల పొడుగాటి పేర్లు నాలుగైదుసార్లు అనుకుని మరీ పైకి వచ్చేవారు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆట మధ్య విరామంలో స్టేషన్ మేనేజర్ మా గదిలోకి వచ్చాడు. పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, “వచ్చే వారం నుంచి కొత్తవాళ్ళని పెడుతున్నాం. మీరు రానక్కర్లేదు” అన్నాడు, కారు కాస్త పక్కకి తీయమన్నంత తేలిగ్గా. పెద్దాయన తల ఊపి, మైకు ఆన్ చేసి, తర్వాత బ్యాటింగ్‌కి వచ్చిన పిల్లాడి పేరు చెప్పారు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. నేనే రెండు బంతులు రాయడం మర్చిపోయాను.

ఆట అయ్యాక, “మిమ్మల్ని తీసేశారని రేడియోలోనే చెప్పేయాల్సింది” అన్నాను.

“వినేవాళ్ళు పిల్లల ఆట కోసం రేడియో పెట్టుకున్నారమ్మా, నా గోడు కోసం కాదు” అన్నారు వైరు చుడుతూ. ఆ మాటకి ఆయన మీద కూడా కోపం వచ్చింది నాకు.

ఆ వారమే పేరెంట్స్ మీటింగుకి మేనేజర్ ఒక జ్ఞాపిక పట్టుకొచ్చాడు. పెద్దాయన రాలేదు. ఆయన తన ఇష్టంతోనే విశ్రాంతి తీసుకుంటున్నారని మేనేజర్ చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, “కూర్చో. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, మనకెందుకు ఈ ఇష్యూ?” అన్నాడు గొంతు తగ్గించి.

చెయ్యి విడిపించుకున్నాను. “ఆయన రిటైర్ కాలేదు. మీరు తీసేశారు, ఆట మధ్యలో. నేను పక్కనే ఉన్నాను.” నా ఇంగ్లీషు తడబడింది. అయినా అర్థం కాని మాట కాదు. మేనేజర్ నవ్వి, “థాంక్యూ మ్యామ్” అని తర్వాతి విషయానికి వెళ్ళిపోయాడు. మర్నాడు అతనే ఫోన్ చేసి, కొత్తవాళ్ళకి స్కోరు రాసిపెట్టమని అడిగాడు. కుదరదని పెట్టేశాను.

సీజన్ చివరి ఆటకి పెద్దాయన టికెట్ కొనుక్కుని వచ్చి, చూసేవాళ్ళ బల్లల మీద నా పక్కన కూర్చున్నారు. జనం వచ్చి చెయ్యి కలిపి, “రిటైర్మెంట్ ఎలా ఉంది?” అని అడిగారు. “బాగుంది” అన్నారు, ప్రతివాళ్ళకీ. ఐదో మనిషికి కూడా అదే చెప్పేసరికి నేను లేచి వెళ్ళి కంచె దగ్గర నిలబడ్డాను. ఆయన నా వైపు చూశారు, పిలవలేదు.