బావ ఎడమ చేయి

మా అక్క మొగుడి ఎడమ ముంజేతి మీద ఇరవై ఏళ్లపాటు ఒక్క వెంట్రుక నిలవలేదు. ఆయన సెలూన్లో ఉండేవి రెండు కుర్చీలు, ఒక అద్దం, ఆగకుండా వాగే బావ. గడ్డం గీసే ముందు కత్తిని తన ముంజేతి మీద ఒక్క లాగు లాగి, ఊడిన వెంట్రుకల్ని ఉఫ్‌మని ఊది, "చూశారా పదును!" అనేవాడు. అప్పుడప్పుడు చర్మం తెగేది. పటిక రుద్దుకుని అదే బ్లేడుతో పని మొదలెట్టేవాడు. ఆ బ్లేడే నలుగురికి వచ్చేది. అదో గొప్ప పనితనమని నేనూ చంకలు గుద్దుకునేవాణ్ణి.

పోయినేడు నేను రక్తపరీక్షకి వెళ్తుంటే బావ తోడొచ్చి, ఊరికే ఉండలేక తనూ చెయ్యి చాపాడు. నాకేం లేదు. ఆయనకి హెపటైటిస్ సి అన్నారు. రెండో పరీక్షలోనూ వైరస్ ఉందనే తేలింది.

"నేను గుండ్రాయిలా ఉన్నానే!" అని దబాయించాడు బావ.

"ఇది ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా కాలేయాన్ని పాడుచేస్తుందండీ," అంది డాక్టరమ్మ. "ఒకరి రక్తంలోంచి ఇంకొకరి రక్తంలోకి పోతుంది. మీ కత్తే దారి అయ్యుండొచ్చు. టీకా లేదు గానీ మాత్రలున్నాయి. మూడు నెలలు వాడితే దాదాపు అందరికీ నయమవుతుంది."

ఇంటికొచ్చి చెప్పగానే అక్క ఆయన కంచం వేరుగా పెట్టింది. నాకు ఒళ్లు మండింది. "కంచంలోంచి రాదక్కా, రక్తంలోంచే వస్తుంది!" అన్నాను. అక్క సిగ్గుపడి ఆ కంచంలోనే తనూ తింది.

బావ దిగులు వేరు. "నా వల్ల ఎవరికి అంటిందో, బామ్మర్దీ" అంటూ మూడు రోజులు సెలూన్ తెరవలేదు. చెబితే ఎవరూ గుమ్మం తొక్కరు. చెప్పకపోతే ఆయనకి ముద్ద దిగదు. నాలుగో రోజు తలుపు తీసి, మనిషికో కొత్త బ్లేడు పెట్టి, వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు: "నాకీ జబ్బుంది. మీరూ పరీక్ష చేయించుకోండి."

సగం మంది మొహం చాటేశారు. ఎదురింటి టైలర్ అయితే "ఇన్నాళ్లూ నా గొంతు మీద పెట్టింది ఆ కత్తేనా!" అని వీధంతా వినేలా అరిచి, అరుస్తూనే పరీక్షకెళ్లాడు. ఆయనకీ ఉంది. ఎవరి నుంచి ఎవరికొచ్చిందో చెప్పలేమంది డాక్టరమ్మ.

ఇద్దరూ ఒకే రోజు మాత్రలు మొదలెట్టారు. పొద్దున్నే టైలర్ కిటికీలోంచి "వేసుకున్నావా?" అని కోపంగా కేక. సెలూన్లోంచి "నువ్వో?" అని కేక. నెల తిరిగేసరికి ఆ కేకల్లో కోపం పోయింది. మాత్రలయ్యాక మరో మూడు నెలలాగి రక్తమిచ్చారు. ఇద్దరికీ వైరస్ లేదు! ఆసుపత్రి వరండాలో నేను సిగ్గు లేకుండా ఏడ్చాను. "ఒకసారి తగ్గిందని ధీమా వద్దు, మళ్లీ అంటుకోవచ్చు," అని డాక్టరమ్మ హెచ్చరించి మరీ పంపింది.

నిన్న టైలర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఏడాదిలో ఇదే మొదటిసారి. బావ ఆయన కళ్లముందే కొత్త బ్లేడు పొట్లం చింపాడు.

"పదును చూపించవా?" అన్నాడు టైలర్.

బావ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ముంజేతి నిండా నల్లటి వెంట్రుకలు. దువ్వెన తీసి వాటిని దర్జాగా దువ్వుకున్నాడు. టైలర్ పగలబడి నవ్వి, తల వెనక్కి వాల్చి, గొంతు పైకెత్తి, కళ్లు మూసుకున్నాడు.